ఎస్ఈఓకు డబ్బు కట్టాలా వద్దా: ఒడిశా సరిహద్దు ఊళ్ళ చిన్న వ్యాపారులు ఎలా తేల్చుకోవాలి

బరంపురం నుంచి జయపురం దాకా, దుకాణం బోర్డు మీద ఫోన్ నంబరు రాయించుకున్న వ్యాపారుల్లో చాలామంది ఈ మాట వినే ఉంటారు: "నెలకు ఇంత కట్టండి, గూగుల్‌లో మీ పేరు మొదట వచ్చేలా చేస్తాం." దీన్నే ఎస్ఈఓ, అంటే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటారు. ఎవరైనా గూగుల్‌లో వెతికినప్పుడు మీ వెబ్‌సైటో, మీ దుకాణం వివరాలో పై వరుసల్లో కనిపించేలా సరిదిద్దే పని అది. ఆ పని ఉత్తిది కాదు, అందులో చేయి తిరిగినవాళ్ళు ఉన్నారు. అయినా మన ఊళ్ళలోని చిన్న వ్యాపారాల్లో ఎక్కువ భాగానికి నెలనెలా కట్టే ఎస్ఈఓ అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఉచితంగా చేసుకోగలిగినవి ముందు చేసుకోవాలి, తర్వాత లెక్క వేసుకోవాలి. లెక్క కుదిరితేనే, అదీ కొన్ని షరతుల మీదనే డబ్బు తీయాలి. ఆ వరుసలోనే రాస్తున్నాను.

మొదటి పని: గిరాకీ ఎక్కడి నుంచి వస్తోందో రాసి పెట్టుకోండి

గల్లా పెట్టె పక్కన ఒక చిన్న నోటు పుస్తకం ఉంచండి. కొత్త ముఖం కనిపించిన ప్రతిసారీ "మా దుకాణం గురించి మీకు ఎలా తెలిసింది?" అని అడిగి జవాబు రాయండి. దారిన పోతూ చూశామన్నారా, బంధువులు చెప్పారా, ఫోనులో వెతికారా? ఏ ఊరు నుంచి వచ్చారు? ఒక నెల ఇలా రాస్తే మీ వ్యాపారం ఏ కోవకు చెందుతుందో తేలిపోతుంది.

కిరాణా, పిండి మర, టిఫిన్ సెంటరు, టైలరు దుకాణం వంటివి వీధి మీద, పేట మీద నడుస్తాయి. వీటికి ఎస్ఈఓ కోసం రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు.

రెండో కోవలో లాడ్జీలు, రక్త పరీక్షల ల్యాబులు, ఫంక్షన్ హాళ్ళు, ట్రావెల్స్, ఏసీ మెకానిక్కులు, ఫోను రిపేరు దుకాణాలు ఉంటాయి. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి విజయనగరం నుంచో విశాఖపట్నం నుంచో బయలుదేరే కుటుంబం ఇంటి దగ్గరే ఫోను తీసి లాడ్జి వెతుకుతుంది. ఇలాంటి వ్యాపారాలకు గూగుల్ మ్యాప్‌లో కనిపించడమే ప్రాణం. అది ఉచితంగా దొరికేదే.

మూడో కోవ వేరు. బరంపురం పట్టు చీరలు, అప్పడాలు, పచ్చళ్ళు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు, కోరాపుట్ కాఫీ పొడి వంటివి కొనేవాళ్ళు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. వాళ్ళు మీ దుకాణం గుమ్మం ఎన్నడూ తొక్కరు. ఇక్కడ మంచి వెబ్‌సైట్ కావాలి, దాన్ని వెతికేవాళ్ళ కంట పడేలా చేయడానికి ఎస్ఈఓ తెలిసిన మనిషి అవసరం రావచ్చు. డబ్బు కట్టాలా వద్దా అన్న ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది ఈ కోవ వ్యాపారులకు.

రెండో పని: ఇప్పుడు మీరు ఎక్కడ కనిపిస్తున్నారో చూసుకోండి

ఇందుకు మీ ఫోను పనికిరాదు. మీరు రోజూ మీ దుకాణం పేరే కొట్టి చూస్తుంటారు కాబట్టి అది మీకు మీ దుకాణాన్నే ముందు చూపించే అవకాశం ఎక్కువ. పైగా గూగుల్ జవాబులు వెతికే మనిషి ఉన్న చోటును బట్టి మారతాయి. అందుకని ఇంకొకరి ఫోనులో, ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే పాత వెతుకులాటలు లెక్కలోకి రాని విండోలో వెతకండి. పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఉన్న బంధువుకు ఫోను చేసి, అక్కడ ఏం కనిపిస్తోందో తెర ఫోటో తీసి పంపమనండి.

వెతకవలసింది మీ దుకాణం పేరు కాదు. మీ పేరు తెలియని మనిషి ఏం కొడతాడో అది కొట్టండి: "రాయగడ స్టేషన్ దగ్గర లాడ్జి", "బరంపురం పట్టు చీరలు", "పర్లాకిమిడి ఇన్వర్టర్ రిపేరు". తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చూడండి. ఈ ప్రాంతం గిరాకీ మూడు భాషల్లోనూ వస్తుంది.

మన ఊళ్ళ పేర్లతో ఒక చిక్కు ఉంది. బరంపురాన్ని ఇంగ్లిషులో కొందరు బర్హంపూర్ అనీ, కొందరు బ్రహ్మపూర్ అనీ కొడతారు. దాదాపు అదే పేరుతో పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో ఊరు ఉంది. జయపురం సంగతి మరీ కష్టం. ఒక్క అక్షరం తేడా వస్తే వెతుకులాట రాజస్థాన్ జైపూర్‌కు వెళ్ళిపోతుంది. పర్లాకిమిడిని పారలాఖెముండి అని రాసేవాళ్ళు ఉన్నారు. కాబట్టి మీ గురించి ఎక్కడ రాసినా ఊరి పేరు పక్కన జిల్లా, రాష్ట్రం తప్పక రాయండి: జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా. వెబ్‌సైట్ ఉంటే, వాడుకలో ఉన్న రెండు పేర్లూ సహజంగా వాక్యంలో వచ్చేలా ఒక్కసారి రాస్తే చాలు. ఈ చిన్న దిద్దుబాటుకు నెలసరి రుసుము అక్కర్లేదు.

మూడో పని: మ్యాప్‌లోని మీ ప్రొఫైల్‌ను మీరే సరిచేసుకోండి

దీని మీద సమయం పెట్టండి. మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే ఉంది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లోనూ మ్యాప్‌లోనూ మీ దుకాణం వివరాలు చూపే పేజీ, ఉచితం. 2021 దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. స్థానిక ఫలితాల్లో ఎవరిని ముందు చూపాలో తేల్చడానికి గూగుల్ మూడు విషయాలు చూస్తానని చెబుతుంది: వెతికిన మాటకు మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. డబ్బు కట్టి ఈ స్థానం మెరుగుపరచుకునే దారి లేదని కూడా స్పష్టంగా చెబుతుంది. ఈ మూడింటిలో దూరాన్ని ఎవరూ మార్చలేరు. గుణుపురంలోని ల్యాబును రాయగడలో వెతికేవాళ్ళకు మొదట చూపిస్తామని ఎవరైనా అంటే, తమ చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నారన్నమాట.

ముందు మ్యాప్స్‌లో మీ దుకాణం ఇప్పటికే ఉందేమో వెతకండి. ఎవరో ఒకరు ఎప్పుడో చేర్చి ఉండవచ్చు. ఉంటే కొత్తది సృష్టించకుండా దాన్నే మీదిగా చేసుకోండి. వేరే ఎవరి ఖాతాలోనో ఉంటే యాజమాన్యం కోరుతూ అందులోనే అభ్యర్థన పంపవచ్చు. మీ సొంత జీమెయిల్‌తోనే చేయండి. దుకాణంలో పనిచేసే కుర్రాడి మెయిల్‌తో చేస్తే, అతడు వేరే ఊరు వెళ్ళిన రోజు ప్రొఫైల్ కూడా అతడితో పోతుంది. ధ్రువీకరణకు ఫోను ద్వారానో, దుకాణం లోపలా బయటా తీసిన వీడియో ద్వారానో అడుగుతారు. వీడియోలో వీధి, బోర్డు, లోపలి సరుకు, షట్టరు తాళం తీయడం కనిపిస్తే పని తేలికవుతుంది.

పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు చివర "బరంపురంలో బెస్ట్ పట్టు చీరలు" వంటి మాటలు తగిలించడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ప్రొఫైల్ మూతపడే ప్రమాదం ఉంది. కొన్ని ఎస్ఈఓ ఏజెన్సీలు మొదట చేసే పని ఇదే కావడం విచారకరం. విభాగం ఎంచుకునేటప్పుడు సాధారణమైనదాన్ని వదిలి కచ్చితమైనదాన్ని తీసుకోండి. "దుకాణం" కంటే "చీరల దుకాణం" నయం. మ్యాప్ మీద గుర్తును మీ గుమ్మం దగ్గరికి జరపండి. సందు వెనక గోడ మీద గుర్తు పడితే కారులో వచ్చిన మనిషి అటు తిరిగి ఇటు తిరిగి పక్క దుకాణానికి వెళ్ళిపోతాడు.

సమయాల మీద శ్రద్ధ పెట్టండి. దసరాకు, రజ పండుగకు, రెండేళ్ళకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే రోజులకు ప్రత్యేక సమయాలు ముందుగానే నమోదు చేయవచ్చు. "తెరిచి ఉంది" అని ఫోను చెబితే ఇచ్ఛాపురం నుంచి బండి మీద వచ్చి తాళం చూసిన మనిషి మళ్ళీ రాడు.

ఇంటింటికీ వెళ్ళి పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్కులు చిరునామా దాచి, తాము తిరిగే ఊళ్ళను సేవా ప్రాంతాలుగా చేర్చుకోవచ్చు. ఇరవై దాకా చేర్చవచ్చు, ఉన్న చోటు నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం మించకూడదని గూగుల్ సూచన. రాష్ట్ర సరిహద్దు దీనికి అడ్డు రాదు. పర్లాకిమిడి మెకానిక్కు పాతపట్నాన్ని, టెక్కలిని నిరభ్యంతరంగా చేర్చుకోవచ్చు.

ఇక రివ్యూలు. పని బాగా జరిగిన వెంటనే, మనిషి ఎదురుగా ఉండగానే అడగండి. ప్రొఫైల్‌లోనే రివ్యూ లింకు దొరుకుతుంది. దాన్ని క్యూఆర్ కోడ్‌గా అచ్చు వేయించి కౌంటరు మీద పెట్టండి. ఒడియాలో రాసినవారికి ఒడియాలో, తెలుగులో రాసినవారికి తెలుగులో రెండు ముక్కలు జవాబు రాయండి. రివ్యూకు బదులుగా తగ్గింపు ఇవ్వడం, డబ్బుతో కొనడం గూగుల్ నిషేధించింది. ఆన్‌లైన్ రివ్యూల కోసం మన దేశంలోనూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. "నెలకు యాభై రివ్యూలు, అన్నీ ఐదు నక్షత్రాలవే" అనే బేరం ఎవరు తెచ్చినా ఆ మాటతోనే సంభాషణ ముగించండి.

నాలుగో పని: వెబ్‌సైట్ ఉంటే ఈ నాలుగైదు చూడండి

బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. మీ విజిటింగ్ కార్డు మీద ఇంకా ఆ పాత చిరునామా ఉంటే మార్చండి. సొంత డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) ఉంటే అది ఎవరి పేరున, ఎవరి మెయిల్‌తో కొన్నారో ఈ రోజే కనుక్కోండి. సైట్ తయారుచేసినవారి పేరున ఉంటే మీ పేరుకు మార్పించుకోండి.

గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత పరికరంలో మీ సైట్‌ను చేర్చండి. ఏయే మాటలు వెతికినప్పుడు మీ సైట్ కనిపించిందో, ఎంతమంది నొక్కారో అందులో తెలుస్తుంది. సైట్ తయారుచేసిన వ్యక్తికి ఇది చిన్న పని. తర్వాత సైట్‌ను కొనేవాడి కళ్ళతో చదవండి. ఫోన్ నంబరు బొమ్మలో ఉందా, నొక్కితే కాల్ వెళ్ళే అక్షరాల్లో ఉందా? ధర ఉందా? ఊరికి పార్సిల్ ఎన్ని రోజుల్లో చేరుతుందో ఉందా? చీర నేసిన తీరు, దారం, అంచు గురించి మీరు దుకాణంలో చెప్పే మాటలు అక్కడ ఉన్నాయా? ఒక చీర పక్కన "అద్భుతమైన నాణ్యత" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "బరంపురం పట్టు, గోపుర అంచు, జాకెట్టు గుడ్డతో కలిపి" అని రాస్తే కొనేవాడికీ తెలుస్తుంది, గూగుల్‌కూ తెలుస్తుంది. తెలుగు, ఒడియా పేజీలు పెడితే మనిషి రాసినవే పెట్టండి. యంత్రం అనువదించినదాన్ని ఎవరూ చూడకుండా పెడితే చదివేవాళ్ళు రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు.

ఐదో పని: కాగితం తీసుకుని లెక్క వేయండి

ఏజెన్సీ నెలకు 8,000 రూపాయలు అడిగిందనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 9,440. మీరు జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ పన్ను వెనక్కి రాదు. ఏడాదికి 1,13,280 రూపాయలు. ఇప్పుడు ఒక కొత్త గిరాకీ మీద ఖర్చులన్నీ పోను మీకు మిగిలేది ఎంత? 400 రూపాయలైతే ఆ రుసుము తిరిగి రావడానికే నెలకు 24 మంది అదనంగా రావాలి. గూగుల్ వల్ల, కొత్తగా వచ్చినవాళ్ళు అయి ఉండాలి. ప్లేటుకు పది రూపాయలు మిగిలే టిఫిన్ సెంటరుకు 944 ప్లేట్లు కావాలి. ఒక్కో పెళ్ళికి 15,000 మిగిలే ఫంక్షన్ హాలుకైతే నెలకు ఒక్క బుకింగ్ చాలు. ఒకే రుసుము ఒకరికి దండగ, ఇంకొకరికి లాభం కావడం ఇలాగే.

ఫలితానికి పట్టే కాలాన్నీ లెక్కలో చేర్చండి. ఎస్ఈఓ పని మొదలుపెట్టాక మార్పు కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ సొంత సలహాల్లోనే ఉంది. అంటే పైన చెప్పిన రుసుము ప్రకారం నాలుగు నెలలకు 37,760 రూపాయలు, ఏమీ రాకపోయినా తట్టుకోగలిగితేనే దిగాలి. అప్పు తెచ్చి దిగవద్దు.

ప్రకటనల సంగతి వేరు. ఫలితాల్లో "స్పాన్సర్డ్" అని కనిపించేవి గూగుల్‌కు డబ్బు కట్టి పెట్టిన ప్రకటనలు. రోజుకు ఇంత అని హద్దు పెట్టుకోవచ్చు, చాలనుకున్న రోజు ఆపేయవచ్చు. పెళ్ళిళ్ళ ముహూర్తాల ముందు హాలు నిండాలనుకునేవారికి ఏడాది పొడవునా ఎస్ఈఓ కంటే కొన్ని వారాల ప్రకటనే సరిపోవచ్చు. అయితే ప్రకటనలకు కట్టినంత మాత్రాన మామూలు ఫలితాల్లో స్థానం పెరగదు.

ఆరో పని: ఏజెన్సీని కూర్చోబెట్టి అడగండి

లెక్క కుదిరింది, డబ్బు తీయాలనుకున్నారు. మొదటి ప్రశ్న: "మొదటి స్థానం హామీ ఇస్తారా?" ఇస్తామంటే వద్దనండి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ చిన్న వ్యాపారులకు రాసిన సలహాలోనే ఉంది.

రెండోది: "మొదటి నెలలో నా సైట్‌లో ఏమేం మారుస్తారు?" మంచి మనిషి మీ సైట్ చూసి వచ్చి ఉంటాడు. ఈ పేజీ మెల్లగా తెరుచుకుంటోంది, ఈ రెండు పేజీలకు ఒకే శీర్షిక ఉంది, చీరల రకాలకు విడి పేజీలు లేవు అని వేలు పెట్టి చూపిస్తాడు. "మెటా కీవర్డ్స్ పెడతాం" (పేజీ కోడ్‌లో దాచి రాసే కీలక పదాల ట్యాగు) అన్నదే గొప్పగా చెబితే అతడి చదువు పాతది. వరుస నిర్ణయించడంలో ఆ ట్యాగును తాము వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

మూడోది: "లింకులు ఎక్కడి నుంచి తెస్తారు?" లింకు అంటే వేరే సైట్ నుంచి మీ సైట్‌కు తెచ్చే దారి. నెలకు వందల లింకులు అంటే కొన్నవే అనుకోండి. 2012లో గూగుల్ పెంగ్విన్ పేరుతో తెచ్చిన మార్పు అలా పైకొచ్చిన సైట్లనే కిందికి తోసింది. మీ వ్యాపార సంఘం పేజీలోనో, మీ కొమ్ము బొమ్మల గురించి రాసిన పత్రికలోనో వచ్చిన ఒక్క లింకు వాటికంటే మేలు. ఇప్పుడు కొందరు "ఏఐ జవాబుల్లో మీ పేరు వచ్చేలా చేస్తాం" అని వేరే రుసుము అడుగుతున్నారు. ఏఐ ఓవర్‌వ్యూల్లో, అంటే ఫలితాల పైన గూగుల్ ఏఐ ఇచ్చే జవాబుల్లో, కనిపించడానికి ప్రత్యేకమైన అర్హతలేవీ లేవని గూగుల్ చెబుతోంది. విడిగా కట్టకండి.

"గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, ఈ రోజు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం" అని ఎవరైనా ఫోను చేస్తే వెంటనే పెట్టేయండి. ప్రొఫైల్ ఉంచడానికి గూగుల్ డబ్బు తీసుకోదు. ఫోనుకు వచ్చిన కోడ్ చెప్పవద్దు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయండి.

ఏడో పని: ఒప్పందం, నెలవారీ పరిశీలన

వీలైతే నెలసరి కాకుండా ఒకసారి పనికి మాట్లాడుకోండి. సైట్ మొత్తం పరిశీలించి, లోపాల పట్టిక రాసిచ్చి, ముఖ్యమైనవి సరిచేసే పనికి ఒక ధర. చిన్న వ్యాపారానికి చాలాసార్లు ఇదే సరిపోతుంది. నెలసరి తప్పదంటే, నెల ముందు చెప్పి ఎప్పుడైనా మానుకోవచ్చని కాగితం మీద రాయించండి. బిజినెస్ ప్రొఫైల్‌లో వాళ్ళకు మేనేజర్ హోదా మాత్రమే ఇవ్వండి, ప్రధాన యజమాని మీరే. డొమైన్, హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వరు సేవ), సెర్చ్ కన్సోల్ అన్నిటికీ మీ మెయిల్ ఉండాలి. పాస్‌వర్డులు మీ దగ్గర ఉండాలి.

నెలాఖరుకు రంగురంగుల నివేదిక వస్తుంది. నలభై మాటలు మొదటి పేజీలో ఉన్నాయని ఉంటుంది. ఆ మాటలు ఒక్కొక్కటే చదవండి. మొదటిది మీ దుకాణం పేరు, రెండోది దుకాణం పేరు పక్కన ఊరు పేరు. ఇవి ఎవరూ కష్టపడకపోయినా మొదటే వస్తాయి. మూడోది "బరంపురం పెద్ద బజారులో సరసమైన ధరలకు నాణ్యమైన పట్టు చీరల దుకాణం". ఇంత పొడుగు మాట ఎవరు కొట్టి వెతుకుతారు? సెర్చ్ కన్సోల్ తెరిచి, ఆ మాటతో ఎంతమందికి కనిపించారో పక్కన పెట్టి చూడండి. సున్నా ఉంటే ఆ వరుస కొట్టేయండి. అలా కొట్టేసిన తర్వాత మిగిలినవే మీరు డబ్బు కట్టిన పని.

దానితో పాటు మూడు అంకెలు మీరే రాసుకోండి: బిజినెస్ ప్రొఫైల్ నుంచి వచ్చిన కాల్స్, మ్యాప్‌లో దారి అడిగినవారు, గల్లా పక్క నోటు పుస్తకంలో "ఫోనులో వెతికాం" అన్నవారు. ఏజెన్సీ రాక ముందు నెల అంకెలు, గత ఏడాది ఇదే నెల అంకెలు పక్కన ఉండాలి, లేకపోతే దసరా గిరాకీని ఏజెన్సీ గొప్పతనం అనుకునే ప్రమాదం ఉంది. ఆరు నెలలకూ ఈ అంకెల్లో కదలిక లేకపోతే మానేయండి. మానేసే రోజు ప్రొఫైల్‌లోంచి వాళ్ళ మేనేజర్ హోదా తీసేయండి, సైట్ పాస్‌వర్డులు మార్చండి, సైట్ పూర్తి నకలు ఒకటి అడిగి తీసుకోండి. చివరి నెల రుసుము ఆ నకలు చేతికి వచ్చాకే చెల్లించండి.